ఆగిన కూత

మనుషులకే కాదు, కోళ్ళకు కూడా ఛాతీమీద, ప్రతి ఊపిరినీ క్షణాలతో సహా నమోదు చేసుకునే ఊపిరి బిళ్ళ అంటించే రోజులవి. కబడ్డీ ఆటలో కూత మధ్యలో తెగిందని బిళ్ళ చెప్పగానే జట్టువాళ్ళు నూకరాజును ఉద్యోగంలోంచి తీసేశారు.

టీకొట్టు దగ్గర అభిమానులు, కేసు వేస్తే నిలుస్తుందా అని వాదించుకుంటున్నారు.

"ఈడు కాకినాడలో కూతెడితే యానాంలో ఆగేది. ఊపిరి చాలలేదంటారేంట్రా!" అన్నాడు సింహాద్రి తాత.

మూలన కూర్చున్న నూకరాజు తలెత్తలేదు. "బిళ్ళ అబద్ధమాడలేదు తాతా. అవతలోడి భుజం విరిగిన చప్పుడు వినగానే నా కూత ఆగిపోయింది. ఇంక కేసేంటి?"

"ఓరి పిచ్చి సన్నాసీ! ఆ చప్పుడు మేమూ విన్నాం." తాత చొక్కా గుండీ విప్పి, తన బిళ్ళ పీకి అతని అరచేతిలో పెట్టాడు. "ఆ క్షణాన నా ఊపిరీ ఆగింది. ఇది జడ్జిగారికి చూపించు."

కొట్లో అందరూ గుండీలు విప్పుతుంటే, నూకరాజు రెండో చెయ్యి కూడా చాపాడు.