ఫ్యాను ఆగేదాకా

మీటర్లూ స్తంభాలూ గాలిలోనే మాట్లాడుకునే రోజులు వచ్చాక, అవి ఏ తరంగం మీద మాట్లాడుకోవాలో తేల్చడానికి ఊరూరా ఓటు పెట్టారు. కరెంటు కోసమే విడిగా ఒకటి తీసుకుంటే బిల్లు కాస్త పెరుగుతుందన్నారు. అందరి ఫోన్లూ, పిల్లల బొమ్మలూ, గాల్లో తిరిగే కెమెరాలూ వాడుకునేదైతే ఉచితం. కాలనీతో పాటు నేనూ ఉచితానికే వేలిముద్ర వేశాను. అప్పటికి మా అమ్మాయి హైమకు స్తంభాలెక్కే ఉద్యోగం రాలేదు.

వాళ్ళ నాన్న లైన్‌మన్‌గా ఉన్నప్పుడు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని ఎక్కేవారు. ఆయన దిగేదాకా ఎవరూ కరెంటు ఇవ్వలేరు. ఇప్పుడు పీకడానికి ఫ్యూజే లేదు. హైమ చేతికున్న పట్టీ నొక్కుతుంది, ఆ మాట గాలిలోనే స్తంభానికి వెళుతుంది, లైను ఆగిందని స్తంభం జవాబిస్తే పట్టీ పచ్చగా వెలుగుతుంది.

ఈ రోజు మా ఇంటి ముందు స్తంభమే ఎక్కింది. సరిగ్గా అప్పుడే వీధిలోకి పెళ్ళి ఊరేగింపు వచ్చింది, తలల మీద ఎగిరే ముప్పై కెమెరాలతో.

"పచ్చగా వచ్చిందమ్మా, నువ్వు లోపలికి పో. నీకు అన్నిటికీ భయమే!"

లోపల మా ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఒసేయ్, ఫ్యాను ఆగలేదే! తీగ ముట్టుకోకు!"

హైమ చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ రద్దీలో పక్క వీధి స్తంభం ఇంకెవరికో చెప్పిన జవాబు తన పట్టీకి తగిలిందట. ఊరేగింపు మలుపు తిరిగాక గానీ ఫ్యాను ఆగలేదు.

"ఇప్పుడు నిజంగానే ఆగిందిలే," అంటూ మళ్ళీ తీగ అందుకుంది.

పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తోంది. నేను గుమ్మంలోంచి లేవలేదు, ఫ్యాను రెక్కల మీంచి చూపు తిప్పలేదు.