అయిదో రాయి కాడ

"కూలబడితివంటే మళ్లీ లెయ్యలేవు. రాయి ముట్టుకొని అట్లే తిరుక్కో," అంది ఆంజినమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని.

నరసింహప్ప వినే స్థితిలో లేడు. నలభై ఆరేళ్ల ఒళ్లు, కంబదూరు బడిలో గంట కొట్టే ఉద్యోగం. బస్సు కోసం తప్ప ఇన్నేళ్లలో ఆయన పరిగెత్తింది లేదు. కళ్యాణదుర్గం రోడ్డు మీద అయిదో కిలోమీటరు రాయిని ముట్టుకొని, దాని పక్కనే కూలబడ్డాడు.

ఆంజినమ్మ గొర్రెలు ఎండిపోయిన చేలో పరకలు వెతుక్కుంటున్నాయి. రెండేళ్లుగా సరైన వాన లేదు. ఆమె నూనె క్యానులో తెచ్చుకున్న నీళ్లు ఆయన దోసిట్లో పోసింది.

"గొర్రె పరిగెత్తేది చూసినా, దొంగ పరిగెత్తేది చూసినా. ఎవరూ తరమకుండా పరిగెత్తే మనిషిని నిన్నే చూస్తాండా నాయనా."

తరిమేది లేకపోలేదు. పోయినేడు భార్య మల్లీశ్వరి నోటి క్యాన్సరుతో పోయింది. జబ్బు మొదట్లో చెక్కిలాలు పెడితే ఒక్క గాటు పెట్టి పక్కన పెట్టేది. బిగువు చేస్తోందనుకొని ఆయన కసిరాడు. అనంతపురం తీసుకుపోయేసరికి డాక్టరు పెదవి విరిచాడు. ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే బతికేదన్నాడు. ఆ ఆరు నెలలూ ఆమె ఎదురుగా కూర్చొనే ముద్ద తిన్నాడు నరసింహప్ప. కళ్లుండీ చూడలేదన్న బాధ ఆయన్ని నిద్రపోనివ్వలేదు.

క్యాన్సరు రోగుల కోసం పనిచేసే సంస్థ ఒకటి అనంతపురంలో పది కిలోమీటర్ల పరుగు పెడుతోందనీ, చందాలు తెచ్చి పరిగెత్తినవాళ్ల ఊళ్లకు పరీక్షలు చేసే వ్యాను పంపుతుందనీ తెలిసి, అందుకే పేరిచ్చాడు. చందాల కోసం ఊరంతా తిరిగాడు. నూనె మిల్లు లక్ష్మీపతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"పూర్తిగా పరిగెత్తితేనే ఇస్తానప్పా. మధ్యలో నిలబడితే దుడ్లు లేవు."

మిగతావాళ్లూ ఆ మాటే పట్టుకున్నారు. ఆయన నిలబడితే వ్యాను రాదు, అంతే. ఉన్నది నలభై రోజులు.

ఏం నలభై రోజులు, నలభై ఏళ్లు. మోకాళ్లు పట్టేసేవి, అరికాళ్లు బొబ్బలెక్కేవి. టీ అంగడి కాడ కూర్చున్నవాళ్లు ఏ కుక్క తరిమిందప్పా అని రోజూ అడిగేవారు. పాపం, వాళ్లకు మాత్రం ఏం పొద్దుపోతుంది? అయిదో రాయి దాకా పోతే ఆంజినమ్మ ఉంటుందన్నదొక్కటే ఆయనకు ధైర్యం. బుగ్గన ఎప్పుడూ వక్కాకు ఉండ, నోటికి కొంగు, ముద్దముద్దగా నాలుగు మాటలు. పాతకాలం మనిషి, మగవాళ్ల ముందు కొంగు తియ్యదు. నీళ్ల రుణం ఉంచుకోకూడదని నరసింహప్ప రోజూ ఒక శెనక్కాయ ఉంట తెచ్చిచ్చేవాడు. బెల్లం పాకం బాగా ముదిరిన గట్టి లడ్డు.

నమలగలవా అవ్వా అని మొదటిరోజే అడిగాడు.

"పండ్లు ఒక్కటీ ఊడలా. ఇంటికి పోయి తింటా," అని సంచిలో వేసుకుంది. ఆ తర్వాత ఆయన అడగలేదు.

ముప్పయ్యో రోజు పిక్క పట్టేసి, రాయి కాడ పడిపోయి ఏడ్చాడు. నా వల్ల కాదు, మానుకుంటానన్నాడు. ఆంజినమ్మ గొర్రెల్ని ఒకసారి అదిలించి వచ్చింది.

"నీ పెండ్లాం కోసమైతే మానుకో. ఆయమ్మ ఎట్లా పోయె," అంది. మళ్లీ తనే అడిగింది. "ఆ బండి మన కంబదూరికి వస్తాదా?"

"వస్తాది."

"అయితే లెయ్."

లేచాడు.

అనంతపురం పరుగులో నరసింహప్ప అందరికంటే వెనక వచ్చాడు. అప్పటికి షామియానా విప్పేస్తున్నారు, కుర్చీలు మడిచేస్తున్నారు. అయితేనేం, ఎక్కడా నిలబడలేదు. లక్ష్మీపతి మారుమాట లేకుండా చందా ఇచ్చాడు.

నెల తిరక్కుండానే వ్యాను వచ్చి బడి ముందర ఆగింది. వచ్చింది గానీ ఎక్కేవాళ్లేరి? ఆడవాళ్లంతా గోడ నీడన గుంపుగా నిలబడ్డారు. లేని రోగాన్ని అంటగడతారని ఒకరు, పేరు రాసుకుంటే పెళ్లి సంబంధాలు రావని ఇంకొకరు. పొద్దు నడినెత్తికి వచ్చింది. డ్రైవరు గడియారం చూసుకుంటున్నాడు. నరసింహప్ప బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఇంత ఒళ్లు హూనం చేసుకున్నది ఖాళీ బండిని చూడ్డానికా అనుకున్నాడు.

అప్పుడొచ్చింది ఆంజినమ్మ. గొర్రెల్ని ఎవరికో అప్పజెప్పి, అయిదు కిలోమీటర్లు నడిచి, సంచి భుజాన వేసుకొని. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"నువ్వు ఎక్కితే అందరూ ఎక్కుతారవ్వా. నీకేం ఉండదు. ఊరికే చూపించుకో, చాలు."

ఆమె నోటి మీది కొంగు సర్దుకుంది.

"అట్లే కానీ నాయనా."

సంచి బయటే పెట్టి రమ్మంది నర్సు. ఆంజినమ్మ అటూ ఇటూ చూసి, దాన్ని నరసింహప్ప చేతికిచ్చి, విప్పవద్దని చెప్పి మెట్లెక్కింది. తలుపు మూసుకుంది. అది చూసి గోడ నీడనున్న చెన్నమ్మ కదిలింది. ఆమె వెనకే మరో నలుగురు వచ్చి వరసలో నిలబడ్డారు. ఏడాదిగా గుండె మీదున్న బరువు కాస్త దిగినట్టనిపించింది నరసింహప్పకు. మల్లీశ్వరి ఉంటే చూసేది కదా అనుకున్నాడు.

ముంజేతి మీద ఏదో చురుక్కుమంది. ఎర్రచీమలు, సంచిలోంచి బారులు తీరి వస్తున్నాయి. ముసలామె సద్ది పాడవుతుందని, దులుపుదామని సంచి మూతి విప్పాడు.

లోపల ఉన్నవి ఆయన ఇచ్చిన ఉంటలే, ఒక్కటీ తగ్గలేదు. తినకుండా దాచుకుందే అని మనసు కాస్త చిన్నబుచ్చుకుంది. ఒకటి తీసి వెలుతుర్లో పెట్టి చూశాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత అన్నీ తువ్వాలు మీద కుమ్మరించాడు.

ప్రతి ఉంట మీదా ఒకే ఒక్క పంటిగాటు ఉంది.