చెరిపేసిన ఫోను

"ఒక్కటి వదిలినా ఊరుకోను!" మేనేజర్ అజాపాంగ్ బల్ల గుద్దాడు. కరెంటు పోయి, జనరేటర్ మొరాయించి, కుమాసీ నగరంలోని ఆ రేడియో స్టేషను రికార్డింగులన్నీ కంప్యూటర్లో ఒకేచోట దాచిన వర్చువల్ డిస్క్ ఫైలు పాడైపోయింది.

"పోయినవన్నీ వెనక్కి తియ్యాలా బాస్?" అంది టెక్నీషియన్ సెర్వా.

"చెవుడా? అన్నీ!"

తలుపు దగ్గర, ఒకప్పుడు వార్తలు చదివిన అఫ్రియే పళ్ళు కొరుకుతూ నిలబడింది. అజాపాంగ్ బావమరిది బంగారు గని కూలేముందు పనివాడొకడు స్టూడియోకి ఫోన్ చేశాడని ఆమె అంటే, అబద్ధాలకోరని తిట్టి, చావు ప్రకటనలు చదివే పనిలోకి తోసేశాడు అజాపాంగ్.

తెర మీద ఫైళ్ళు ఒక్కొక్కటే తేలాయి. సెర్వా ఒకటి నొక్కగానే ఒక మగ గొంతు వినిపించింది.

"అఫ్రియే అక్కా, నేను బాడూని. గని గొయ్యి గోడ బీటలు వారింది. అయినా దిగమంటున్నారు. రేడియోలో చెప్పక్కా!"

"ఆపు!" అజాపాంగ్ అరిచాడు. "అది నేను చెరిపేశాను కదా, ఎలా వచ్చింది?"

అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికి తెలియలేదు.

"చెరిపేసినవి కూడా వస్తాయి బాస్. మీరేగా అన్నీ తియ్యమన్నారు."

అఫ్రియే అతని మీదికి వచ్చింది.

"వాడి మాట తొక్కేసి, వాడి చావు నా నోటితోనే చదివించావు కదరా!"