దండాసి వంతు

దండాసి షెడ్డులో కారు రాత్రిళ్ళు కదులుతోందని రంగూన్ తామ్వే పేటలో మా పక్కింటి వెంకాయమ్మకి ఎవరో చెప్పారట. ఇంజనే లేని కారు ఎలా కదులుతుందని అందరం నవ్వాం. దాని ఇంజన్ ఎప్పుడో ఊళ్ళో తిరిగే లైను బస్సుకి అమ్ముడుపోయింది.

సైన్యం గద్దెనెక్కక ముందు, రాత్రంతా సాగే కారు పందాల్లో దండాసీ, అతని జతగాడు జోగీ ఈ కారే నడిపేవారు. ఒకడు తోలుతుంటే ఒకడు గోనెపట్టా మీద కునుకు తీసేవాడు. వంతు మారేటప్పుడు దిగినవాడు బానెట్ మీద చరిచి రెండోవాణ్ణి లేపేవాడు. ఆ పెట్రోలు వాసన, చీకట్లో దూరమయ్యే ఎర్రదీపం, తెల్లారాక టీ... తలుచుకుంటే దండాసి కళ్ళు ఇప్పటికీ మెరుస్తాయి. జోగి పోయి ఏడాది దాటింది.

ఆ రాత్రి కర్ఫ్యూ. వీధిలో కుక్క కూడా మొరగలేదు. షెడ్డులో బానెట్ మీద ఎవరో చరిచారు.

దండాసి లేచి వెళ్ళాడు. వెనకే భార్య తార లాంతరు పట్టుకుని వెళ్ళింది. కారు తలుపు తీసి ఉంది. అతను సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఎచ్చగుందే! జోగిగాడు ఇప్పుడే దిగినాడు. ఇంక నా వంతు," అంటూ సంబరంగా లోపలికి కాలు పెట్టాడు.

తార అతని చొక్కా పట్టుకుంది.

"నువ్వెక్కితే, మావా, నిన్ను దింపడానికి ఎవులూ లేరు."