మన భాషలో తిట్టింది

లారీ పూర్తిగా ఆగకముందే ఓతిలియా కిందికి దూకింది.

చర్చివాళ్ళ మిషన్ ఏమీ మారలేదు. అదే ఎర్రమట్టి దారి, అవే ఇటుక గోడలు. వంటింటి పొగగొట్టం కింద మాత్రం ఇప్పుడు వేరెవరిదో వంట.

బతుకంతా ఆ పొయ్యి దగ్గరే నిలబడిన తల్లి కలరాలో పోయింది. దారులు మూసేశారు. దారెస్సలాంలో ఉన్న ఓతిలియాకు కబురందేసరికి సమాధి మీద మట్టి ఆరిపోయింది.

అప్పటినుంచీ ఆమెను ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది. కలరా శవాన్ని ఎవరు ముట్టుకుంటారు? అమ్మకు స్నానమైనా చేయించారా, చాపలో చుట్టి పడేశారా?

గేటు దగ్గర మపుండా అనే కొత్త కాపలావాడు ఉన్నాడు. తనకేమీ తెలియదనీ, సిస్టర్ జెర్మానాను అడగాలనీ, ఆవిడ కాన్పు దగ్గర ఉందనీ చెప్పాడు. కూర్చోమన్నాడు.

ఓతిలియా కూర్చోలేకపోయింది. సమాధుల వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. వంటింటి వైపు నడిచింది.

అరుగు మీద ఓ ముసలామె మొక్కజొన్న ఒలుస్తోంది. ఎరగని మొహం. నోరు మాత్రం అచ్చం ఇక్కడి న్గోని తెగవాళ్ళదే, యాసతో సహా.

"వంటామె కూతురివి నువ్వేనా? ఇప్పటికి తెల్లారిందా నీకు?"

ఓతిలియా తలాడించింది.

"మీ అమ్మా అంతే. పొయ్యి ఊదడానికి బద్ధకమేసి పోయి పడుకుంది. ఇంకా లేవలేదు మహాతల్లి."

ఓతిలియా ఒళ్ళు భగ్గుమంది.

ఇదే మాట ఏ హెహె తెగ మనిషో అని ఉంటే వేరు. హెహెలూ న్గోనిలూ ఎదురుపడితే తిట్టుకోవాల్సిందే, చావింట్లో అయినా సరే. తాతల నాటి యుద్ధాలు అలా వేళాకోళాలై మిగిలాయి. హెహె మనిషైతే పడి, ఇంకో రెండు తిట్లు కలిపి తిరిగిచ్చేది. కానీ సొంత న్గోని మనిషి, పోయినవాళ్ళను ఇలా అనడం ఎక్కడైనా ఉందా?

"ఏమన్నావ్?"

"చెవుడు కూడానా? ఏడువమ్మా, ఏడువు. ఆ మొహానికి నవ్వు ఎటూ నప్పదు."

ఓతిలియా విసవిసా గేటు దగ్గరికి వెళ్ళింది. ఆ మనిషి ఇక్కడుంటే తను ఉండనంది. మపుండా తల గోక్కున్నాడు. ఆవిడ ఎవరో తనకూ సరిగ్గా తెలియదనీ, వంటింట్లో సాయం చేస్తూ పడి ఉంటుందనీ గొణిగి, వెళ్ళి పంపించేశాడు.

ముసలామె ఒళ్ళోని గింజలు చేటలోకి దులిపి, బట్టల మూట నెత్తిన పెట్టుకుంది.

"పోతాలే. నువ్వొచ్చావుగా."

అదే లారీ ఎక్కింది. పైకి లాగిన డ్రైవర్‌ను కూడా ఏదో అంది, వాడు పడీపడీ నవ్వాడు. లారీ ఉత్తరం వైపు మలుపు తిరిగింది.

చేతులు తుడుచుకుంటూ సిస్టర్ జెర్మానా వచ్చేసరికి దారి మీద దుమ్ము ఇంకా అణగలేదు. ఆవిడ దగ్గరికి తీసుకోబోతే ఓతిలియా ఆగలేదు.

"అమ్మకు స్నానం చేయించారా, సిస్టరమ్మా? ఎవరు? వాళ్ళ చేతులు ఒక్కసారి పట్టుకోవాలి."

"మనవాళ్ళంతా భయపడి దూరంగా నిలబడ్డారు తల్లీ. ఒక్కతే స్నానం చేయించింది. ఒక్కతే గోతిలోకి దిగి మీ అమ్మను ఒళ్ళోకి తీసుకుని పడుకోబెట్టింది. తిడుతూనే, ఏడుస్తూనే."

"ఎవరు?"

సిస్టర్ వంటింటి అరుగు వైపు చూసింది. అక్కడ చేట ఒక్కటే ఉంది.

"నది అవతలి ఊరి కోడలు. మొగుడు పోయాక పుట్టింటికి, ఉత్తరాన ఇరింగాకు వెళ్ళిపోవాల్సింది, 'దాని కూతుర్ని కూడా నాలుగు తిట్టి, నవ్వించి పోతా' అని ఇన్నాళ్ళూ ఇక్కడే ఆగింది. మన భాష మనకంటే బాగా మాట్లాడుతుంది గానీ, ఆవిడ హెహె మనిషి."