మద్దిలేటి సాక్ష్యం

"ఆర్నెల్లాయె మద్దిలేటీ. ముందు వరసలో నీ కుర్చీ అట్లనే ఖాళీగా పెట్టినాం" అన్నాడు పాస్టరయ్య, చెప్పులు విడిచి లోపలికి వస్తూనే.

మద్దిలేటి లేచి మంచం చూపించాడు. ఆళ్ళగడ్డలో ఆయన ఒంటి మనిషి. పెండ్లాం పోయి పదేండ్లు. ఒక్కగానొక్క చెల్లెలు రామసుబ్బమ్మను దొర్నిపాడుకిచ్చారు. ఏసును నమ్ముకొని దేవుడు మారినా ఈ అన్నాచెల్లెళ్ళ పేర్లు మారలేదు. ఆ చెల్లెలు షుగర్ ముదిరి చచ్చిపోయింది. ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన వారం నుంచి మద్దిలేటి చర్చి గడప తొక్కలేదు.

ఎందుకు రావడం లేదో సంఘంలో అందరికీ తెలిసినట్టే ఉంది. మూడేండ్ల కింద మద్దిలేటి లేచి సాక్ష్యం చెప్పాడు. తనకూ షుగరేనని, మాత్రలు పారేసి ప్రార్థన పట్టుకుంటే దేవుడు బాగు చేశాడని. అందరి ముందర లడ్డు తిని చూపించాడు. అప్పటినుంచి ఎవరింట్లో ప్రార్థన కూటం పెట్టినా మైకు ఆయన చేతికే. అది విని విని రామసుబ్బమ్మ ఇన్సులిన్ సూది మానేసింది. అన్నను నిలబెట్టిన దేవుడు చెల్లెలిని నిలబెట్టలేదు. అందుకే మనిషి అలిగాడనుకున్నారు.

పాస్టరయ్య కూడా అదే అనుకున్నాడు. దేవుని లెక్క మనకు అందదని, ఒకరిని ఉంచుతాడని, ఒకరిని పిలుచుకుంటాడని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు.

"దేవుని మీద నాకేం కోపం లేదయ్యా."

"మరి నా మీదనా?"

"మీరేం చేసినారు? సూది మానమని మీరు చెప్పలేదు కదా."

"మరి ఇన్నాళ్ళు ఇంట్లో కూచోని ఏం నేర్చినావప్పా?"

"ఆడ నేనేం చెప్పినా జనం ఆమెన్ అంటారు. ఈడ అనేటోడు లేడు. ఒక్కన్నే మోకాళ్ళేస్తే నా మాట నాకే ఇనపడ్తాది. ముప్పై ఏండ్లు చర్చికొచ్చినా దేవుడంటే ఇంత భయం ఎప్పుడూ కాలేదు."

దుఃఖంలో మనిషి అట్లాగే మాట్లాడతాడని పాస్టరయ్య సర్దుకున్నాడు. తర్వాత వచ్చిన పని చెప్పాడు. వచ్చే ఆదివారం పొద్దున నంద్యాలలో సభలు. రామసుబ్బమ్మ కూతురు సౌజన్యకు ఈ మధ్యే షుగర్ బయటపడింది. మామ సాక్ష్యం ఇంకోసారి విని, తన మాత్రలు అందరి ముందర వేదిక మీద పెట్టేసి, ఇంక మింగనని మొక్కుకుంది.

"వాళ్ళమ్మకు విశ్వాసం చాల్లేదంట. తనకు చాలుతుందంట. ఆ పిల్ల అంటాండాది."

మద్దిలేటి పాస్టరయ్య దగ్గరికి జరిగాడు.

"నేను రాకపోతే?"

"రాకున్నా పెట్టేస్తాదంట. నువ్వొస్తే ధైర్యంగా ఉంటాదని."

"వస్తా" అన్నాడు మద్దిలేటి.

ఆదివారం నంద్యాలలో షామియానా నిండింది. సౌజన్య ముందు వరసలో కూర్చుంది. ఇరవై నాలుగేండ్ల పిల్ల. ఒళ్ళో చేతిరుమాలు, దాంట్లో మాత్రల మూట. పాస్టరయ్య ఆర్నెల్ల తర్వాత మన మద్దిలేటి మళ్ళా మన మధ్యకొచ్చాడని చెప్పి మైకు అందించాడు. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేదాకా ఆయన తల ఎత్తలేదు.

"సౌజన్యా, లేసి నిలబడమ్మా" అన్నాడు.

పిల్ల లేచి, మూట పట్టుకొని మామ దిక్కే చూసింది. మద్దిలేటి మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను ఒక్క పూట గూడా మాత్రలు మానలేదు."