ఆగయ్య కట్టించిన పరదా

పక్కనున్న వరస గదుల పాత చాల్‌ను కూలగొడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఆగయ్యకు ముద్ద దిగడం లేదు. అతని మరమగ్గాల షెడ్డుకూ ఆ చాల్‌కూ మధ్య మనిషి పట్టేంత సందే ఉంది. సాంచెలని పిలిచే ఆ మగ్గాల మీద తెల్లబట్ట నడుస్తోంది. దాని మీద సున్నపు దుమ్ము పడిందంటే వ్యాపారి థాన్లన్నీ మొహాన కొడతాడు.

"పోయి పరదా కట్టుమని చెప్పిరా," అంది భార్య యమునాబాయి. "అయినా నీ మాట ఎవలింటరు? మనింట్ల పిల్లి గూడ ఇనదాయె."

ఆగయ్యకు ఒళ్లు మండింది. మీసం దువ్వుకుని బయలుదేరాడు.

పాలమూరు నుంచి వచ్చిన కూలీలు అతని షెడ్డు కిటికీల పక్కనే కూర్చుని సద్దులు విప్పుతున్నారు. ఇంకా ఒక్క ఇటుకా ఊడలేదు, అప్పుడే కొంగులూ తువ్వాళ్లూ అడ్డం పెట్టుకుని తింటున్నారు. ఇంత సుకుమారులు గోడలేం పడగొడతారని ఆగయ్యకు నవ్వొచ్చింది.

"పరదా కట్టకుంట పని షురూ చేసినవంటే మంచిగుండది!" అని మేస్త్రీ గట్టయ్య మీద కేకలేశాడు.

గట్టయ్య తలూపాడు.

మర్నాటికల్లా షెడ్డు వైపంతా గోనెసంచులు కుట్టిన పరదా లేచింది. చీమ దూరే సందు లేదు. రోడ్డు వైపు మాత్రం పేలిక కూడా కట్టలేదు. గోడలు కూలడం మొదలవగానే అటువైపు ఎస్టీడీ బూత్ నడిపే కనుకయ్య తుమ్మలేక చస్తున్నాడు.

"చూసినవా నా మాటంటే ఏందో!" అని ఆగయ్య భార్య ముందు ఛాతీ విరుచుకున్నాడు. యమునాబాయి అడక్కుండానే అల్లం చాయ్ పెట్టిచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆగయ్యకు ఇల్లు ఇల్లులా అనిపించింది.

సాయంత్రం కనుకయ్య మూతికి రుమాలు కట్టుకుని వచ్చాడు.

"అన్నా, గిరాకీలు లోపలికొస్తలేరు. నీ మాటంటే గాళ్లకు భయం. నా దిక్కు గూడ పరదా కట్టుమని చెప్పరాదె?"

"గంతేనా? నడువు!" అన్నాడు ఆగయ్య. తన దర్జా కళ్లారా చూస్తుందని యమునాబాయిని కూడా వెంటబెట్టుకున్నాడు.

"గట్టయ్యా, నా మాట నిలబెట్టినవ్, శాబాష్. గిప్పుడు ఈ కనుకయ్య దిక్కు గూడ ఓ పరదా కట్టు."

గట్టయ్య అయోమయంగా ముగ్గురి మొహాలూ చూసి అన్నాడు:

"ఆ దిక్కు ఎందుకు సేటూ, మా సద్దిల పడుతున్న దూది నీ సాంచెలకెల్లే గద ఎగిరొచ్చేది?"